అమ్మకపు ధ్వని: వాణిజ్య ప్రకటనలు, సామాజిక మాధ్యమాలు – సాహిత్య విమర్శ బాధ్యత

తెలుగు సాహిత్య విమర్శ కవిత్వాన్ని పట్టించుకుంది, కథానవలల్ని పట్టించుకుంది, ఆలస్యంగానైనా జానపద గేయాన్నీ సినిమా పాటనీ పట్టించుకుంది. కాని మన పాఠకుడు పొద్దున లేచింది మొదలు రాత్రి నిద్రపోయేదాకా తాను కోరకుండానే చదివే రచన ఒకటుంది. దానికి కర్త పేరుండదు. సమీక్ష రాదు. మంచీ చెడూ చెప్పే విమర్శకుడు లేడు. అది వాణిజ్య ప్రకటన. గోడలమీదా, పత్రికల్లోనూ, రేడియోలోనూ, టెలివిజన్‌లోనూ ఉన్నంతకాలం దాన్ని మనం సాహిత్యానికి బయటి వ్యవహారంగా చూస్తూ వచ్చాం. ఇవాళ అది చేతిలోని ఫోనులో, స్నేహితుడి కబురుకీ కవిమిత్రుడి కవితకీ మధ్య వచ్చి కూర్చుంటోంది. పైగా చాలాసార్లు స్నేహితుడి గొంతుతోనే మాట్లాడుతోంది.

ప్రకటనల ప్రభావం గురించి మనవాళ్లు మాట్లాడటం లేదని నేననను. సభల్లో మాట్లాడుతూనే ఉన్నాం. అయితే 'వినిమయ సంస్కృతి' అనే ఒక్కమాటతో తిట్టి ఊరుకుంటున్నాం. తిట్టు ఎంత న్యాయమైనదైనా విశ్లేషణకు ప్రత్యామ్నాయం కాజాలదు. ప్రకటన మనిషిని ఎలా ఒప్పిస్తుంది? సామాజిక మాధ్యమాలు వచ్చాక ఆ ఒప్పించే పద్ధతిలో ఏం మారింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతికే పరికరాలు ఎక్కడో లేవు, మన సాహిత్యశాస్త్రంలోనే ఉన్నాయని నా అభిప్రాయం. వాటిని వాడి చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. చెప్పిన మాట, చెప్పని మాట

ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు వ్యాపారాలు చెప్పారు. తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతివారూ పరీక్షకోసం వీటిని వల్లెవేసినవారే. 'గంగలో గొల్లపల్లె ఉంది' అన్నప్పుడు, నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకోవడం లక్షణ. ఆ పల్లె చల్లగా, పవిత్రంగా ఉంటుందని స్ఫురించడం వ్యంజన. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కావ్యానికి ఆత్మ ఈ స్ఫురించే అర్థమేనని ప్రతిపాదించాడు. కావ్యం విషయంలో ఎన్ని వాదాలున్నా, వాణిజ్య ప్రకటన విషయంలో మాత్రం ఆయన మాటకు తిరుగులేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన దేశంలో 'ఫెయిర్ అండ్ లవ్లీ' అనే ముఖలేపనం 1975లో మార్కెట్‌లోకి వచ్చింది. దాని ప్రకటనల వాచ్యార్థం చాలా సాదాగా ఉంటుంది: ఇది రాసుకుంటే చర్మం తెల్లబడుతుంది. కాని ప్రకటనలో కథ నడిచేది ఈ వాక్యం మీద కాదు. చామనచాయ పిల్లకి ఉద్యోగం రాదు, తండ్రి నిట్టూరుస్తాడు, లేపనం రాసుకున్నాక ఉద్యోగమూ గౌరవమూ వస్తాయి. 'నల్లగా పుట్టడం ఇంటికి భారం' అనే మాట ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. అయినా చూసిన ప్రతి ఆడపిల్లకీ వినిపించింది ఆ మాటే. ఐద్వా వంటి మహిళా సంఘాలు ఆందోళన చేసిన తర్వాత అటువంటి ప్రకటనలను 2003లో ఉపసంహరించుకున్నారు. 2020లో పేరులోని 'ఫెయిర్' అనే మాట తీసేసి 'గ్లో' అనే మాట పెట్టారు. వాచ్యం మారింది. నలభై అయిదేళ్లు చెవిలో మోగిన ధ్వని పేరుతోపాటే మాయమవుతుందా?

మరో ఉదాహరణ ఇంకా విస్పష్టంగా ఉంటుంది. కేబుల్ టెలివిజన్‌లో మద్యం ప్రకటనలను 2000లో నిషేధించారు. తర్వాత ఏం జరిగిందో మనందరం చూశాం. అదే పేరుతో సోడా వచ్చింది, తాగే నీళ్లు వచ్చాయి, పాటల డిస్కులు వచ్చాయి. ప్రకటనలో చూపేది సోడా. చూసేవాడికి అర్థమయ్యేది మద్యం. ఆలంకారికుడు ఉదాహరణ కావాలంటే ఇంతకంటే మంచిది దొరకదు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన మార్గదర్శకాలు ఇలాంటి దొంగచాటు ప్రకటనలను నిషేధించాయి. మంచిదే. కాని ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది.

చట్టం పట్టుకోగలిగేది ప్రధానంగా వాచ్యార్థాన్ని. 'ఈ మందుతో ఈ రోగం తగ్గుతుంది' అని అబద్ధం రాస్తే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ఉంది. లేని గుణం ఉందంటే 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ఉంది. కాని 'నువ్వు ఉన్నట్టుగా ఉంటే చాలవు' అనే వ్యంగ్యార్థాన్ని ఏ న్యాయస్థానంలో ప్రవేశపెట్టగలం? ఆ మాట కాగితం మీద లేదు. అది చూసేవాడి మనసులో పూర్తవుతుంది. తానే పూర్తిచేసుకున్నాడు కాబట్టి దాన్ని తన అభిప్రాయమే అనుకుంటాడు. ధ్వనికి ఉన్న ఈ శక్తి కవికి తెలుసు, వర్తకుడికీ తెలుసు. తెలియకుండా ఉన్నది పాఠకుడికే.

బ్రిటిష్ మార్క్సిస్టు విమర్శకుడు రేమండ్ విలియమ్స్ ప్రకటనలను మాంత్రిక వ్యవస్థగా వర్ణిస్తూ ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన చేసిన ప్రతిపాదన మనవాళ్లకు ఆశ్చర్యం కలిగించవచ్చు. మన సమాజం మితిమీరిన భౌతికవాదంలో పడిందని అందరూ అంటారు. ఆయన వాదం ప్రకారం మనం భౌతికవాదులం కావలసినంతగా కాలేదు. నిజంగా వస్తువును వస్తువుగా చూసేవాళ్లమైతే సబ్బు మురికి వదిలిస్తే చాలనుకుంటాం. సబ్బుతోపాటు యౌవనం, గౌరవం, ప్రేమ కూడా వస్తాయని నమ్ముతున్నామంటే మనం వస్తువుకి మహిమ అంటగడుతున్నాం. ప్రకటన చేసే పని ఆ అంటగట్టడమే. హేతువాదం గురించి ఇంతకాలం మాట్లాడిన మనం తాయెత్తును ప్రశ్నించినట్టు ప్రకటనను ప్రశ్నించామా?

2. గిరీశం నుంచి న్యూయార్కు దాకా

తెలుగు సాహిత్యంలో ప్రకటనకర్త పాత్ర ఏదని అడిగితే నేను గిరీశం పేరు చెబుతాను. కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో ఈనాడు మనం చదివే రూపానికి వచ్చింది. అందులో గిరీశం దగ్గర అమ్మడానికి సరుకేదీ లేదు. తనను తానే అమ్ముకుంటాడు. పొగతాగడం నాగరికత అని శిష్యుడికి నచ్చచెప్పడానికి పద్యమే సాయం తెచ్చుకుంటాడు. వితంతు వివాహమూ, సంస్కరణా, ఇంగ్లీషు చదువూ ఆయన నోట సిద్ధాంతాలుగా వినిపిస్తాయి, కాని వాటి పని వేరు. కాలంలో గౌరవం సంపాదించుకున్న ప్రతి మాటా ఆయన స్వప్రయోజనానికి పనిముట్టవుతుంది. గురజాడ ఈ పాత్రను ఖండిస్తూ ఉపన్యాసమివ్వలేదు. ఆయన మాటల వాచ్యాన్నీ వ్యంగ్యాన్నీ ఒకేసారి మనకు వినిపించేటట్టు సన్నివేశం కల్పించాడు. మనం నవ్వాం. ఆ నవ్వే విమర్శ.

1909లో రెండో కూర్పు వచ్చింది. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1929లో, న్యూయార్కు నగరంలో ఒక సంఘటన జరిగింది. అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్లు ఆడవాళ్లకు కూడా అమ్మాలనుకుంది. వీధిలో ఆడది సిగరెట్ కాల్చడం అక్కడ అప్పటికి తప్పు. కంపెనీ ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుణ్ణి నియమించింది. ఆయన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి మేనల్లుడు. సిగరెట్ ఆడవారికి స్వేచ్ఛాజ్యోతి అనే భావాన్ని ఒక మనోవిశ్లేషకుడు ఆయనకు అందించాడు. ఈస్టర్ పండుగ ఊరేగింపులో కొందరు యువతులు అందరూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించేటట్టు బెర్నేస్ ఏర్పాటు చేశాడు. పత్రికలు దాన్ని ప్రకటనగా కాక వార్తగా అచ్చువేశాయి. అమెరికాలో స్త్రీలు పోరాడి ఓటుహక్కు సంపాదించుకుని అప్పటికి తొమ్మిదేళ్లే అయింది. ఆ పోరాటం మిగిల్చిన ఉద్వేగాన్ని పొగాకు వ్యాపారం తన ఖాతాలో జమవేసుకుంది.

ఇక్కడ రెండు సంగతులు స్పష్టమవుతున్నాయి. మొదటిది, ప్రకటన కొత్త ఆకాంక్షను శూన్యంలోంచి సృష్టించదు. ప్రజల్లో నిజంగా ఉన్న ఆకాంక్షను పట్టుకుని దాన్ని సరుకువైపు మళ్లిస్తుంది. స్వేచ్ఛ కావాలన్న కోరిక నిజం, సిగరెట్‌తో అది తీరుతుందన్నది అబద్ధం. రెండోది, ప్రకటన తాను ప్రకటననని చెప్పుకోనప్పుడే దాని బలం ఎక్కువ. బెర్నేస్ ఆ ఒక్క ఊరేగింపుకి చేసిన ఏర్పాటు ఇవాళ సామాజిక మాధ్యమాల్లో గంటకు కొన్ని వేలసార్లు జరుగుతోంది.

3. పత్రిక ఎవరిని అమ్ముతుంది?

ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి ప్రకటనల ఆర్థిక పునాదిని చూడాలి. 1833లో బెంజమిన్ డే అనే ముద్రాపకుడు న్యూయార్కులో 'సన్' అనే దినపత్రికను ఒక్క సెంటుకే అమ్మడం మొదలుపెట్టాడు. తక్కిన పత్రికల ధర దానికి ఎన్నోరెట్లు. నష్టం ఎలా పూడుతుంది? పాఠకుల సంఖ్యను చూపి ప్రకటనలు సంపాదించాడు. అంటే ఆ రోజునుంచి పత్రికకు రెండు సరుకులున్నాయి. పాఠకుడికి వార్తలు అమ్ముతుంది, ప్రకటనదారుకి పాఠకుణ్ణి అమ్ముతుంది. కెనడా దేశపు రాజకీయార్థశాస్త్రవేత్త డాలస్ స్మైథ్ 1977లో ఈ విషయాన్ని సిద్ధాంతీకరించాడు. ప్రకటనల మీద బతికే మాధ్యమం ఉత్పత్తి చేసే అసలు సరుకు ప్రేక్షకసమూహమే అన్నాడు.

తెలుగు పత్రికల చరిత్ర ఈ సూత్రానికి ఒక ఆసక్తికరమైన మినహాయింపుతో మొదలవుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. అక్కడే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. తలనొప్పి మందు లాభం తెలుగు సాహిత్యానికి పెట్టుబడి అయింది. డాక్టర్ కె.ఎన్. కేసరిగారి గృహలక్ష్మి మాసపత్రిక వెనక కూడా ఆయన ఔషధ వ్యాపారం ఉంది. కాబట్టి సాహిత్యం ఏనాడూ వ్యాపారం అంటని పవిత్ర పదార్థంగా లేదు. కాని తేడా గమనించండి. అక్కడ సరుకు అమ్మగా వచ్చిన డబ్బు పత్రికను పోషించింది, భారతిలో ఏ పద్యం అచ్చు కావాలో అమృతాంజనం సీసా నిర్ణయించలేదు. సామాజిక మాధ్యమంలో ఈ సంబంధం తలకిందులైంది. ఏ మాట ఎవరికి కనిపించాలనేది ప్రకటనల అవసరాన్ని బట్టి నిర్ణయమవుతోంది.

ఈ మాట అతిశయోక్తి కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లకు యజమాని అయిన మెటా సంస్థకు 2023లో వచ్చిన ఆదాయం సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందులో ప్రకటనల ద్వారా వచ్చింది సుమారు 13,190 కోట్లు. నూటికి 97 పైచిలుకు. మనకు ఉచితంగా ఇస్తున్న సంస్థకు ఇంత డబ్బు వస్తున్నదంటే అమ్ముడుపోతున్నది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

4. సామాజిక మాధ్యమం తెచ్చిన మార్పు

మమ్మటుడు కావ్యప్రకాశంలో వ్యంగ్యార్థం దేనిమీద ఆధారపడుతుందో ఒక పట్టిక ఇచ్చాడు. చెప్పేవాడెవరు, వినేవాడెవరు, ఏ కంఠస్వరంతో చెప్పాడు, ఏ ప్రస్తావనలో, ఏ చోట, ఏ సమయంలో చెప్పాడు అన్నవి అందులో ముఖ్యమైనవి. 'పొద్దుగూకింది' అనే ఒక్క వాక్యం పశులకాపరికి ఒకటి స్ఫురింపజేస్తుంది, దొంగకి మరొకటి. సామాజిక మాధ్యమాలు ప్రకటనదారుకి ఏం అమ్ముతున్నాయో తెలుసుకోవాలంటే ఈ పట్టికే చాలు.

వినేవాడెవరు? గోడమీది ప్రకటనకు ఇది తెలియదు, దారినపోయే వారందరికీ అదే మాట. ఫోనులోని ప్రకటనకు తెలుసు. మన వయసు, ఊరు, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగాం, ఏ వస్తువు చూసి కొనకుండా వదిలేశాం అన్నవన్నీ లెక్కలోకి వెళతాయి. పొగాకు వేలం కేంద్రంలో బేళ్లకు గ్రేడు కట్టి వేలం వేసినట్టే ఇక్కడ మన చూపును గ్రేడు కట్టి వేలం వేస్తారు. మనం పేజీ తెరిచిన ప్రతిసారీ, రెప్పపాటులో, యంత్రాలమధ్య ఈ వేలం జరుగుతుంది. ఎవరు ఎక్కువ ధర చెబుతున్నారు, ఈ మనిషి ఆ ప్రకటనను నొక్కే అవకాశం ఎంత అనేవి కలిపి లెక్కచూసి గెలిచినవాణ్ణి తేలుస్తారు. బేలుకు ధర పలికితే కనీసం రైతుకు చీటీ వస్తుంది. ఇక్కడ సరుకు యజమానికి వేలం జరిగినట్టే తెలియదు.

చెప్పేవాడెవరు? ఇది మరింత ముఖ్యమైన మార్పు. రీల్‌లో మాట్లాడే పిల్ల మన పక్కింటి పిల్లలా ఉంటుంది. మన మాండలికమే మాట్లాడుతుంది, తన వంటిల్లే చూపిస్తుంది. ఆమెకు డబ్బు ముట్టిందా లేదా అన్నది మనకు తెలియదు. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనూ, కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలోనూ ఇలాంటివారు తాము చెప్పేది ప్రకటన అని స్పష్టంగా తెలపాలని నియమం పెట్టాయి. చాలా రీల్స్‌లో ఆ మాట ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాచ్యం నియమాన్ని పాటించింది, ధ్వని మాత్రం స్నేహితురాలి గొంతుగానే నిలిచింది. ఇక మనం ఆ రీల్‌ను బంధువులకు పంపినప్పుడు చెప్పేవాళ్లం మనమే అవుతాం. పాఠకుడే జీతంలేని ప్రచారకుడవుతున్నాడు.

ఏ స్వరంతో చెప్పాలి? ఫేస్‌బుక్ 2009లో లైక్ గుర్తు ప్రవేశపెట్టింది. 2017 నుంచి కోపం, దుఃఖం, ఆశ్చర్యం వంటి ముఖచిహ్నాలకు లైక్ కంటే అయిదురెట్లు విలువ కట్టి, వాటిని బట్టి ఏది ఎక్కువమందికి చూపాలో నిర్ణయించింది. తర్వాత ఆ విలువ తగ్గించారనుకోండి. సంస్థ అంతర్గత పత్రాలు 2021లో బయటపడినప్పుడు ఈ సంగతి లోకానికి తెలిసింది. మనిషిని తెరముందు నిలిపే రసం ఏదో యంత్రం కనిపెట్టి, ఆ రసానికే పెద్దపీట వేసిందన్నమాట. రౌద్రం ఎక్కువసేపు నిలుపుతుందంటే రౌద్రమే వడ్డించింది. యంత్రానికి ఏ కులంమీదా ఏ మతంమీదా ద్వేషం లేదు. చూపు నిలిస్తే చాలు. కాని ఆ నిర్లిప్తత ఫలితాన్ని అనుభవించేది మన ఊళ్లే.

మన మాటలే మారతాయా? 2012 జనవరిలో ఒక వారంపాటు ఫేస్‌బుక్ 6,89,003 మంది ఖాతాదారులమీద, వారిని ప్రత్యేకంగా అడగకుండా, ఒక ప్రయోగం చేసింది. కొందరికి సంతోషకరమైన రాతలు తగ్గించి చూపింది, కొందరికి విచారకరమైనవి తగ్గించింది. సంతోషం తక్కువగా చదివినవారి సొంత రాతల్లో సంతోషపు మాటలు తగ్గాయి. 2014లో ఈ ఫలితాలు ప్రచురితమైనప్పుడు పెద్ద వివాదం రేగింది. న్యాయంగా చెప్పాలంటే ఆ మార్పు చాలా స్వల్పం, కొన్నివేల మాటల్లో కొద్దిపాటి తేడా. అయినా రచయితలు పట్టించుకోవలసిన విషయం ఇందులో ఉంది. ఒక మనిషి ఏం చదువుతాడో నిర్ణయించేవాడు, ఆ మనిషి ఏం రాస్తాడో కొంతవరకైనా నిర్ణయించగలడని అది చూపింది.

5. పిల్లల పట్టిక

నేను జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పదోతరగతిలో అలంకారాల పాఠం వచ్చినప్పుడు, పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలు అయ్యాక, ఫోనులోనో గోడమీదో చూసిన ఒక ప్రకటనను తలా ఒకటి రాసుకురమ్మంటాను. నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయాలి. ఎడమవైపు 'చెప్పింది', కుడివైపు 'చెప్పకుండా చెప్పింది'. మొదటిరోజు కుడివైపు ఖాళీగా ఉంటుంది. రెండుమూడు రోజులకు నిండుతుంది.

ఒక అమ్మాయి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ఒక యాప్ ప్రకటన తెచ్చింది. ఎడమవైపు 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' అని రాసింది. కుడివైపు 'మీ అమ్మ మాట్లాడే భాష తక్కువది' అని రాసింది. ఒక అబ్బాయి డబ్బు పెట్టి ఆడే ఆట ప్రకటన తెచ్చాడు. ఎడమవైపు 'ఆడు, గెలు' అని ఉంది. కుడివైపు 'మీ నాన్న కష్టం దండగ' అని ఉంది. పొలంలో తండ్రి వెంట పనిచేసే కుర్రవాడు రాసిన వాక్యమిది. నేను ఎం.ఏ.లో చదివిన ధ్వనిసిద్ధాంతానికి ఇంతకంటే సూటి వ్యాఖ్యానం చూడలేదు.

ఆ రెండో ప్రకటన మాటలతో ఆగేది కాదు. మా ప్రాంతంలో కాలేజీ చదివే ఒక విద్యార్థి ఇలాంటి ఆటలో తండ్రి పంట అమ్మిన డబ్బు పోగొట్టాడు, ఆ ఏడు ఆ ఇంట్లో కౌలు కట్టడానికి అప్పు చేయవలసి వచ్చింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. అయినా ప్రచారం ఆగలేదు. నిషేధించిన సరుకును అభిమాన తారలూ, వేలమంది అనుసరించే యువకులూ నవ్వుతూ పరిచయం చేశారు. బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారన్న ఆరోపణతో 2025 మార్చిలో హైదరాబాదులో పోలీసులు పలువురిమీద కేసులు పెట్టారు. నేరమేదో న్యాయస్థానాలు తేలుస్తాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధించింది. చట్టం కావలసిందే. కాని 'నాన్న కష్టం దండగ' అనే వాక్యం పిల్లవాడి మనసులో దిగబడి ఉన్నంతకాలం ఏదో ఒక కొత్త ఆట, ఏదో ఒక కొత్త పేరుతో వస్తుంది. శ్రమ గౌరవాన్ని తిరిగి నిలబెట్టే పని చట్టం ఒక్కటే చేయలేదు.

6. రెండు అభ్యంతరాలు

ఒక అభ్యంతరం తరచు వినిపిస్తుంది. జనం అంత తెలివితక్కువ వాళ్లా? ప్రకటన చూసిన ప్రతివాడూ కొంటున్నాడా? ఈ ప్రశ్న న్యాయమైనది. ప్రజలను మట్టిబొమ్మలుగా చూసే ధోరణి మనలో కొందరికి ఉంది, అది ప్రజలపట్ల చిన్నచూపే. ప్రకటన చూసి నవ్వుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాని ఒక్కొక్క ప్రకటన ప్రభావం వేరు, ప్రకటనల మొత్తం ప్రభావం వేరు. ఈ సబ్బు కొనకపోవచ్చు, ఆ నూనె కొనకపోవచ్చు, కాని ప్రతి సమస్యకూ పరిష్కారం కొనుగోలే అన్న భావం అన్ని ప్రకటనలకూ సమానం. బడి బాగాలేకపోతే పదిమందీ కలిసి బడిని బాగుచేసుకోవాలనిపించదు, మరో బడి కొనుక్కోవాలనిపిస్తుంది. ప్రకటనల భావజాలం గెలిచేది అక్కడ.

రెండో అభ్యంతరం మన శిబిరంలోనిదే. సామాజిక మాధ్యమాలను ఇలా విమర్శిస్తే, అక్కడ గొంతు దొరికినవారి మాటేమిటి? 2016 జనవరిలో రోహిత్ వేముల చివరి ఉత్తరాన్ని దేశమంతా ఫోన్లలో చదివింది. పెద్ద పత్రికలు తలుపు తీయని దళిత, బహుజన, మైనారిటీ, స్త్రీ రచయితలు ఎందరో అక్కడ పాఠకులను సంపాదించుకున్నారు. ఇది కాదనలేని నిజం. కాని సంతలో మన మనిషి నిలబడి మంచిమాట చెప్పగలిగినంత మాత్రాన సంత మనదైపోదు. ఎవరి గొంతు ఎంతదూరం వినిపించాలో నిర్ణయించే అధికారం సంత యజమానిదగ్గరే ఉంది. మాధ్యమాన్ని వాడుకోవాలి, దాని లెక్కను మాత్రం మన విలువగా అంగీకరించకూడదు.

7. రచయిత వాక్యం

ఆ లెక్క రచయిత వాక్యంలోకి ఎలా దిగుతుందో రూపపరంగా పరిశీలిద్దాం. ఫేస్‌బుక్‌లో పెద్దరాత పెడితే మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి, తక్కినది చదవాలంటే నొక్కాలి. కాబట్టి మొదటి పంక్తి ఎరగా మారుతోంది. నిదానంగా వాతావరణం కట్టి, పాత్రను పరిచయం చేసి, మలుపుకు తీసుకువెళ్లే వచనానికి అక్కడ చోటు తక్కువ. కవిత చిన్నదవుతోంది, పక్కన బొమ్మ తప్పనిసరి అవుతోంది, ఆగ్రహం మొదటి వాక్యంలోనే పేలుతోంది. చిన్న కవిత చెడ్డదని నా వాదన కాదు. రూపాన్ని వస్తువు నిర్ణయించాలి. బటన్ నిర్ణయిస్తే అది ప్రకటన శిల్పం. ఫలానా కవితకు ఎన్ని లైకులు వచ్చాయన్నది ఆవిష్కరణ సభల్లో యోగ్యతగా ప్రస్తావనకు వస్తోందంటే సరుకుల లెక్క సాహిత్యపు లెక్కగా మారిందన్నమాట.

అయితే చేయవలసిందేమిటి? ఏ ప్రకటననైనా, ప్రకటనలా కనిపించే ఏ రాతనైనా నాలుగు ప్రశ్నలతో చదవడం అలవాటు చేయాలి. ఇది చెప్పిందేమిటి, చెప్పకుండా చెప్పిందేమిటి? నాలోని ఏ నిజమైన కోరికను ఏ సరుకువైపు మళ్లిస్తోంది? మాట్లాడుతున్నవారికి డబ్బు ఎవరిచ్చారు? ఇది నాకే, ఇప్పుడే ఎందుకు కనిపించింది? మొదటి రెండూ ఏ కాలంలోనైనా అడగవలసినవి. చివరి రెండూ ఈ కాలం తెచ్చిపెట్టినవి.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో అలంకారశాస్త్రం చెప్పేవారు సోడా ప్రకటననూ ఉదాహరణగా చెప్పవచ్చు, దానివల్ల ఆనందవర్ధనుడి గౌరవానికి లోటురాదు. పరిశోధక విద్యార్థులు అమృతాంజనం ప్రకటన మొదలు నేటి రీల్ దాకా తెలుగు ప్రకటనల భాషను సేకరించి విశ్లేషించవచ్చు. ఈ పత్రిక సంపాదకులకు కూడా ఒక విన్నపం. పుస్తక సమీక్షల పక్కన సంచికకొక ప్రకటనను సమీక్షించే పుట పెట్టండి. ప్రకటన ఏదో ఎంచి, దాని పట్టికలో కుడివైపు భాగం పూర్తిచేయడానికి ఉపాధ్యాయులను, విద్యార్థులను ఆహ్వానించండి. మొదటి సంచికకు మా పిల్లల నోటుపుస్తకాల్లోంచి పంపగలను.